సర్వరు చూడని తెర

దూరాన ఉన్న సర్వరులోకి లాగిన్ అయి పనిచేస్తుండగా తెర ఉన్నట్టుండి గందరగోళమైతే, ఈ పనికి కొత్తవాళ్లు మొదట అనుమానించేది సర్వరునే. ఇంగ్లీషు చిన్నబడి అక్షరాలన్నీ గీతలైపోతాయి. టైపు చేసేది కనపడదు. పొడవాటి కమాండ్ లైను చివరిదాకా వెళ్లి, తిరిగొచ్చి తన మీదే తాను పడుతుంది. తెలుగు పేరు పెట్టిన ఫైలు ఉండాల్సిన చోట అంకెల వరస కనిపిస్తుంది. చెయ్యి రీబూట్ వైపు పోతుంది. ఆ ఒక్క పని మాత్రం చెయ్యకూడదు. అక్కడ నడుస్తున్న డేటాబేసుకు ఏమీ కాలేదు. దాని మీద ఆధారపడిన జనం పని ఆగలేదు. చెడింది తెర. ఆ తెర సర్వరు దగ్గర లేదు, మీ ముందుంది. సర్వరు దాన్ని ఎన్నడూ చూడలేదు.

మెదక్ పట్టణంలో కూర్చుని ఇలాంటి పని చేయడం ఇవాళ వింతేమీ కాదు. హైదరాబాద్ వంద కిలోమీటర్ల లోపే. అమెజాన్ తన క్లౌడ్ సేవల కోసం హైదరాబాద్‌లో సర్వరు కేంద్రాలను 2022 నవంబరులో ప్రారంభించింది. కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్ ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలోకి వస్తుంది గానీ 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయేదాకా అదీ మెదక్ జిల్లాయే. అక్కడి పరమ్ సేవ సూపర్ కంప్యూటర్‌ను వాడుకునే పరిశోధకులు దాని పక్కన కూర్చుని వాడరు. ఎక్కడివాళ్లు అక్కడి నుంచే టెర్మినల్ తెరిచి పని అప్పగిస్తారు. రాందాస్ చౌరస్తా పక్కన ఒక గదిలో లాప్‌టాప్ ఉంటే చాలు, హైదరాబాద్‌లో ఉన్న యంత్రాన్ని నడపొచ్చు. కాంతి గాజు తీగలో సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. వంద కిలోమీటర్లకు పట్టేది అర మిల్లీసెకను. దారిలో వంకరలు, రౌటర్లు, మొబైల్ టవరు దగ్గర నిరీక్షణ అన్నీ కలిపినా మామూలు రోజున కొన్ని పదుల మిల్లీసెకన్లే. తెర చెడడానికి దూరం కారణం కాదు. రెండు కొసలకూ ఒక మాట కుదరకపోవడమే కారణం.

ఏ మాట? దానికి టెర్మినల్ పుట్టుక దగ్గరికి వెళ్లాలి. 1963లో వచ్చిన టెలిటైప్ మోడల్ 33 అనే యంత్రం సెకనుకు పది అక్షరాల చొప్పున, వరసకు 72 అక్షరాలుగా కాగితం మీద కొట్టేది. లినక్స్‌లో ఇప్పటికీ ప్రతి టెర్మినల్‌కూ ఉండే 'టీటీవై' అన్న పేరు ఆ టెలిటైప్‌దే. కాగితం పోయి గాజు తెర వచ్చాక, 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వీటీ100 అనే టెర్మినల్‌ను విడుదల చేసింది. వరసకు 80 గళ్లు, మొత్తం 24 వరసలు. ఆ 80 కూడా కొత్త సంఖ్య కాదు. 1928లో ఐబీఎం తెచ్చిన చిల్లుల కార్డు మీద 80 నిలువు వరసలుండేవి. ఇవాళ మన లాప్‌టాప్‌లో తెరుచుకునే నల్లటి కిటికీ ఆ వీటీ100కు అనుకరణ. తయారుచేసిన కంపెనీ కనుమరుగైనా యంత్రం అలవాట్లు మాత్రం మన తెర మీద బతికే ఉన్నాయి.

సర్వరు పంపేది బొమ్మ కాదు, బైట్ల వరస. వాటిలో కొన్ని అక్షరాలు, కొన్ని ఆజ్ఞలు. 27 అనే సంఖ్య గల బైటు వస్తే 'ఇక వచ్చేది అక్షరం కాదు, ఆజ్ఞ' అని టెర్మినల్ అర్థం చేసుకుంటుంది. దాన్నే ఎస్కేప్ అంటారు. ఆ వెనకాల ఒక చదరపు బ్రాకెట్, 31 అంకె, చిన్న ఎం అక్షరం వస్తే ఇకమీదట ఎర్ర రంగు. అంకె 2, పెద్ద జే అక్షరం వస్తే తెరంతా తుడిచెయ్యి. 1976లో ఐరోపా ప్రమాణంగా అచ్చయిన ఈ భాషే దాదాపుగా అన్ని టెర్మినళ్లదీ. ఒకామె ఫోన్‌లో చుక్కల ముగ్గు చెబుతోందనుకోండి. 'కుడికి ఐదు చుక్కలు పో, కిందికి మూడు దిగు, అక్కడి నుంచి గీత లాగు' అంటుంది. ఆమె పదిహేను చుక్కల ముగ్గు మనసులో పెట్టుకుని చెబుతుంటే, వినేవాళ్లు పదకొండు చుక్కలే పెట్టి ఉంటే, చెప్పినదీ తప్పు కాదు, గీసినదీ తప్పు కాదు. ముగ్గు మాత్రం పాడవుతుంది.

కాబట్టి పని మొదలయ్యే ముందే సర్వరుకు మన తెర గురించి కొన్ని సంగతులు చెప్పాలి. ఈ పనిని ఎస్‌ఎస్‌హెచ్ అనే పద్ధతి చేస్తుంది. ఫిన్లాండ్‌లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన తాతు యూలెనెన్ 1995లో దీన్ని రాశాడు. వాళ్ల విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లో ఎవరో కూర్చుని పాస్‌వర్డులు దొంగిలించారు; అప్పటిదాకా వాడుకలో ఉన్న టెల్‌నెట్ వాటిని ఏ ముసుగూ లేకుండా పంపేది. రహస్యం కాపాడడం ఎస్‌ఎస్‌హెచ్ ప్రధానోద్దేశం. దాంతోపాటు అది లాగిన్ అవుతూనే మూడు విషయాలు అవతలికి చేరవేస్తుంది: మన టెర్మినల్ పేరేమిటి, అడ్డంగా ఎన్ని గళ్లు నిలువుగా ఎన్ని వరసలు, కీబోర్డు మీటల్ని ఏ తీరున అర్థం చేసుకోవాలి. సర్వరు వాటిని నమ్ముతుంది. సరిచూసుకునే కన్ను దానికి లేదు.

పేరు దగ్గర తేడా వస్తే ఏమవుతుందో చూడండి. 1970ల చివర రకరకాల కంపెనీల టెర్మినళ్లు ఉండేవి, ఒక్కోదాని ఆజ్ఞలు ఒక్కో తీరు. బర్క్‌లీలో 'వీఐ' ఎడిటర్ రాస్తున్న బిల్ జాయ్ వాటన్నిటి లక్షణాలను ఒక జాబితాలో పెట్టాడు. అదే టర్మ్‌క్యాప్. తర్వాత దాని స్థానంలో టర్మ్‌ఇన్ఫో వచ్చింది. సర్వరులో ఏ ప్రోగ్రామైనా ముందు 'టర్మ్' అనే వేరియబుల్‌లో ఉన్న పేరు చదివి, ఆ పేరుకు జాబితాలో ఏముందో చూసి, ఆ ప్రకారం ఆజ్ఞలు పంపుతుంది. ఈ మధ్య వచ్చిన కిట్టీ, 2024 డిసెంబరులో విడుదలైన ఘోస్టీ వంటి టెర్మినళ్లు తమ సొంత పేరు పంపుతాయి. నాలుగైదేళ్ల కిందట ఇన్‌స్టాల్ చేసిన సర్వరు జాబితాలో ఆ పేరు ఉండకపోవచ్చు. అప్పుడది 'ఈ టెర్మినల్ నాకు తెలియదు' అంటుంది, లేదా బ్యాక్‌స్పేస్ కొడితే చెరపకుండా ఖాళీలు వదులుతుంది.

దీనికి ఎక్కువమంది వాడే మందు, టర్మ్ విలువను 'ఎక్స్‌టర్మ్-256కలర్' అని మార్చుకోవడం. ఆ పేరు ఎక్కడైనా ఉంటుంది, పని గడిచిపోతుంది. నా మటుకు, ఎప్పుడూ వెళ్లే సర్వరైతే అసలు వివరాన్నే అక్కడికి పంపడం మంచిదనిపిస్తుంది. మన లాప్‌టాప్‌లో 'ఇన్ఫోకంప్' అనే కమాండ్ టెర్మినల్ వివరాన్ని అచ్చువేస్తుంది. దాన్ని ఎస్‌ఎస్‌హెచ్ గుండా పంపి అవతల 'టిక్' అనే కమాండ్‌కు అందిస్తే జాబితాలో చేరిపోతుంది. అడ్మిన్ అనుమతి కూడా అక్కర్లేదు, మన హోమ్ ఫోల్డరులోనే పడుతుంది. టీమక్స్ అనే ప్రోగ్రాము లోపల పనిచేసేటప్పుడు మాత్రం ఇంకో జాగ్రత్త కావాలి. అక్కడ మనం మాట్లాడేది మన టెర్మినల్‌తో కాదు, టీమక్స్ సర్వరులోనే కట్టుకున్న ఊహా టెర్మినల్‌తో. దాని పేరు 'టీమక్స్' లేదా 'స్క్రీన్' అని మొదలవ్వాలి. లాగిన్ అవగానే నడిచే ఫైలులో టర్మ్ విలువను గట్టిగా రాసిపెట్టిన చోట ఈ పేరు తుడిచిపెట్టుకుపోయి, రంగులూ మీటలూ తేడా చేస్తాయి. ఆ ఫైలులో టర్మ్ అన్న లైను ఉంటే తీసెయ్యడమే మేలు.

పేరు సరిగ్గా ఉండీ తెర చెడే సందర్భాలు ఇంకా ఎక్కువ. వీటిలో టెర్మినల్ ఏదో ఒక స్థితిలో ఇరుక్కుపోతుంది. పొరపాటున ఒక బొమ్మ ఫైలునో జిప్ ఫైలునో తెర మీదికి వదిలారనుకోండి. అందులో ఎక్కడో 14 అనే బైటు ఉంటుంది. వీటీ100 లెక్కలో దానర్థం 'ఇంకో అక్షరమాలకు మారు' అని. ఆ ఇంకో అక్షరమాలలో ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల స్థానంలో పట్టికలు గీసే అడ్డగీతలు, నిలువుగీతలు, మూలలు ఉంటాయి. పెద్దబడి అక్షరాలు, అంకెలు మామూలుగానే కనపడి చిన్నబడి మాత్రమే గీతలైతే కారణం ఇదే, వేరే వెతకనక్కర్లేదు. 15 అనే బైటు మళ్లీ పాత అక్షరమాలకు తెస్తుంది. అంత దూరం పోకుండా 'రీసెట్' అని కొట్టినా సరిపోతుంది. కొడుతున్నప్పుడు అది కూడా గీతల్లాగే కనపడుతుంది. సర్వరుకు మాత్రం సరైన అక్షరాలే చేరతాయి.

టైపు చేసేది కనపడకపోవడం మరో స్థితి. ఎడిటర్ల వంటి ప్రోగ్రాములు ప్రతి మీటనూ తామే స్వయంగా అందుకోవాలని, కొట్టిన అక్షరాన్ని తెర మీద చూపే పనిని ఆపేయిస్తాయి. బయటికి వెళ్లేటప్పుడు మళ్లీ మొదలుపెట్టించాలి. మధ్యలో ప్రోగ్రాము చచ్చిపోతే ఆ మర్యాద జరగదు. అప్పుడు కనపడకపోయినా ధైర్యంగా ఎస్, టీ, టీ, వై అనే నాలుగక్షరాలు, ఖాళీ, 'సేన్' అని కొట్టాలి. ఎంటర్ కొడితే పని జరగకపోవచ్చు. ఎంటర్ మీట పంపేది 13 అనే బైటు, కమాండ్లు అందుకునే షెల్ ఎదురుచూసేది 10ని. 13ను 10గా మార్చే ఏర్పాటు కూడా ఆ ప్రోగ్రాముతోపాటే ఆగిపోయి ఉండొచ్చు. కంట్రోల్ నొక్కి జే కొడితే నేరుగా 10 వెళ్తుంది. ఈ చిన్న సంగతి తెలియక ఎందరో మంచి సెషన్లను మూసేస్తుంటారు.

తెర మొత్తం గడ్డకట్టినట్టు ఆగిపోతే, నెట్ పోయిందని నిర్ణయించుకునే ముందు కంట్రోల్ క్యూ కొట్టి చూడండి. కంట్రోల్ ఎస్ అంటే టెలిటైప్ కాలం నుంచీ 'ఆగు' అని అర్థం. ఫైలు సేవ్ చేసే అలవాటులో వేలు అటు పోతుంది. నిజంగానే నెట్ పోయి ఉంటే ఎంటర్, టిల్డా గుర్తు, చుక్క వరసగా కొడితే ఎస్‌ఎస్‌హెచ్ తనంతట తాను తెగిపోయి మన షెల్ తిరిగొస్తుంది. అలా తెగిన తర్వాత మౌస్ కదిపినప్పుడల్లా తెర మీద అంకెలు, సెమికోలన్లు వర్షిస్తాయి చూడండి, అది వైరస్ కాదు. అవతలి ప్రోగ్రాము 'మౌస్ ఎక్కడుందో నాకు చెబుతూ ఉండు' అని మన టెర్మినల్‌ను అడిగి, ఆ మాట వెనక్కి తీసుకోకుండానే పోయింది. దీనికీ రీసెట్టే మందు. ఈసారి సర్వరులో కాదు, మన లాప్‌టాప్ షెల్‌లో.

కొలత సంగతి తొందరగా చెప్పుకోవచ్చు. కిటికీని పెద్దది చేసినప్పుడల్లా ఎస్‌ఎస్‌హెచ్ కొత్త కొలత పంపుతుంది, సర్వరులోని ప్రోగ్రాముకు ఆ కబురు ఒక సిగ్నల్‌గా అందుతుంది. ఎస్‌ఎస్‌హెచ్ కాకుండా సీరియల్ కన్సోల్ గుండా వెళ్తే ఈ ఏర్పాటు లేదు, అందుకే పెద్ద తెరలో కూడా ఎడిటర్ 24 వరసల్లో ముడుచుకుంటుంది. 'రీసైజ్' అనే కమాండ్ దీనికి చక్కటి ఉపాయం పన్నుతుంది. కర్సర్‌ను 999వ వరస 999వ గడికి పొమ్మంటుంది. కర్సర్ పోగలిగినంత దూరం పోయి మూలన ఆగుతుంది. అప్పుడు రీసైజ్ 'నువ్వెక్కడున్నావు' అని అడుగుతుంది. వచ్చిన జవాబే తెర కొలత. చూపు లేని సర్వరు తడిమి తెలుసుకోవడమంటే అదే. టీమక్స్‌లో తెర చుట్టూ చుక్కలు నిండిపోతే అదే సెషన్‌కు ఇంకో చిన్న కిటికీ తగిలి ఉందని అర్థం. దాన్ని విడదీస్తే సరి. పొడవాటి కమాండ్ తన మీదే తాను పడడం కూడా కొలత లెక్కే. ప్రాంప్ట్‌కు రంగు పెట్టినప్పుడు ఆ రంగు ఆజ్ఞల చుట్టూ వెనక్కివాలు గీత, చదరపు బ్రాకెట్ పెట్టకపోతే బ్యాష్ అనే షెల్ వాటిని కూడా కనిపించే అక్షరాలుగా లెక్కగట్టి, లైను ఎక్కడ ముగుస్తుందో తప్పుగా ఊహిస్తుంది.

ఇంతవరకూ చెప్పినవి ప్రపంచంలో అందరికీ వచ్చే చిక్కులు. ఇకమీదటివి మనవి.

తెలుగు అక్షరాలు యూనికోడ్‌లో 1991 నాటి మొదటి కూర్పు నుంచీ ఉన్నాయి. నెట్ మీద ప్రయాణించేటప్పుడు అవి యూటీఎఫ్-8 రూపంలో పోతాయి. కెన్ థాంప్సన్, రాబ్ పైక్ కలిసి 1992లో రూపొందించిన ఈ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ మూడేసి బైట్లు. 'మెదక్' అనే మాటలో మ, ఎత్వం, ద, క, పొల్లు మొత్తం ఐదు సంకేతాలు. అంటే 15 బైట్లు. అవతలి సర్వరులో భాషా వివరం, అంటే లొకేల్, యూటీఎఫ్-8 కాకుండా పాత ఖాళీ విలువతో ఉంటే అది ఈ 15 బైట్లను అక్షరాలుగా గుర్తించదు. ఫైళ్ల జాబితా అడిగితే మెదక్ అన్న పేరును 340, 260, 256 అంటూ ఎనిమిదుల లెక్కలో (ఆక్టల్) ముద్రిస్తుంది. తెలుగు ఏదైనా 340తోనే మొదలవుతుంది, దాని వెనక 260 గానీ 261 గానీ ఉంటుంది. ఆ జాడ కనపడితే డేటా క్షేమం, లొకేల్ మాత్రమే లేదు అని తేల్చుకోవచ్చు.

రెండో జాడ ఇంకా ప్రసిద్ధం. ఇంగ్లీషు 'ఏ' మీద ఎడమకు వాలిన గీత, పక్కన డిగ్రీ గుర్తు లేదా కూడిక-తీసివేత గుర్తు, మళ్లీ వాలుగీత 'ఏ', మళ్లీ డిగ్రీ. తెలుగు వెబ్‌సైట్లు నడిపినవాళ్లలో ఈ వరస చూడనివాళ్లుండరు. అవే మూడేసి బైట్లను పశ్చిమ ఐరోపా అక్షరమాలగా చదివితే వచ్చే రూపమిది. పుట్టీ వంటి టెర్మినల్‌లో అక్షర సంకేతం యూటీఎఫ్-8 అని ఎంచుకోకపోతే సర్వరు సరిగ్గా పంపినా ఇలాగే కనపడుతుంది.

ఇక్కడ నిజంగా ప్రమాదం పొంచి ఉంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేసు 2018లో వచ్చిన 8.0 కూర్పుదాకా పశ్చిమ ఐరోపా అక్షరమాలనే మొదటి ఎంపికగా పెట్టుకునేది. పాత డేటాబేసును చూస్తూ తెర మీద ఈ వాలుగీతల వరస కనపడగానే, డేటా చెడిపోయిందనుకుని యూటీఎఫ్-8లోకి మార్పిడి నడిపేవాళ్లున్నారు. అసలు చెడింది టెర్మినల్ ఎంపికే అయితే, ఆ మార్పిడితో అప్పటిదాకా బాగున్న డేటా నిజంగానే చెడుతుంది. ఒక్కో బైటు మళ్లీ విడిగా సంకేతమై 15 బైట్ల మెదక్ కనీసం 30 బైట్లవుతుంది. కళ్లతో చూసి తేల్చుకోకూడదు, లెక్కతో తేల్చుకోవాలి. డేటాబేసునే అడగండి: ఈ మాట ఎన్ని బైట్లు, ఎన్ని అక్షరాలు? మెదక్‌కు 15, 5 అని జవాబొస్తే డేటా చెక్కుచెదరలేదు. 30 లేదా అంతకు మించి, 15 అని వస్తే అంతకుముందే ఎవరో రెండుసార్లు సంకేతించారు. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు, భూమి వివరాలు సర్వరుల్లో తెలుగులో ఉండే కాలంలో ఈ రెండు సంఖ్యల పరీక్ష ప్రతి అడ్మిన్‌కూ కంఠస్థమై ఉండాలి. ఫలానా రైతు పేరు చెడితే దాన్ని తిరిగి తెచ్చేందుకు ఏ కమాండూ ఉండకపోవచ్చు.

లొకేల్ దగ్గర ఇంకో మెలిక ఉంది. డెబియన్, ఉబుంటు యంత్రాల్లో ఎస్‌ఎస్‌హెచ్ మన లాప్‌టాప్ లొకేల్ పేరును సర్వరుకు కూడా మోసుకెళ్తుంది. మనం తెలుగు-భారత్ లొకేల్ పెట్టుకుని ఉంటే, ఆ పేరు గలది అక్కడ తయారుచేసి లేకపోతే, ప్రతి కమాండ్‌కూ కాకపోయినా కొన్నిటికి హెచ్చరిక వస్తుంది, తెలుగు మళ్లీ అంకెల వరసో ప్రశ్నార్థకాలో అవుతుంది. సర్వరులో దాన్ని తయారుచేయించాలి. ఆ అనుమతి లేకపోతే దేశం పేరు లేని 'సీ.యూటీఎఫ్-8' లొకేల్‌ను ఎంచుకుంటే చాలు. తేదీలు ఇంగ్లీషులో వస్తాయి, ఫైళ్ల పేర్లు మాత్రం చక్కగా తెలుగులో కనపడతాయి.

అన్నీ సరిచేశాక కూడా తెలుగు టెర్మినల్‌లో అందంగా రాదు. పొల్లు విడిగా, ఒత్తు కావాల్సింది పక్కన పూర్తి అక్షరంగా, కొమ్ము చుక్కల వలయం మీద వేలాడుతూ కనపడుతుంది. కర్సర్ ఒకచోట ఉంటే చెరిగేది ఇంకోచోట. ఇది ఎవరో సెట్టింగ్ మరిచిపోవడం వల్ల కాదు. వీటీ100 గడుల తెర. అక్షరానికి ఒక గడి అన్నది దాని పుట్టుకలోనే ఉంది. చైనా, జపాన్ అక్షరాల కోసం తర్వాత 'రెండు గళ్లు' అనే వెసులుబాటు వచ్చింది. గడి మీద కూర్చునే గుర్తుల కోసం 'సున్న గళ్లు' అన్నారు. ఏ సంకేతానికి ఎన్ని గళ్లో చెప్పే లెక్కను సర్వరులోని ప్రోగ్రాము ఒకటి, మన టెర్మినల్ ఒకటి విడివిడిగా పెట్టుకుంటాయి. రెండూ కలిస్తేనే కర్సర్ సరైన చోట ఉంటుంది.

తెలుగు గుణింతంలో ఈ లెక్క ఎలా పడిందో చూడండి. యూనికోడ్ దీర్ఘం, గుడి, గుడిదీర్ఘం, ఎత్వం, ఏత్వం, ఒత్వం, ఓత్వం, పొల్లులను 'చోటు తీసుకోని గుర్తులు'గా వర్గీకరించింది. అక్షరం తలమీద కూర్చునేవి కనుక అది సబబే. కొమ్ము, కొమ్ముదీర్ఘం, వట్రసుడి, సున్న, విసర్గలను 'చోటు తీసుకునేవి'గా పెట్టింది. అవి కుడివైపుకు పోతాయి గనుక అదీ సబబే. కానీ టెర్మినల్ లెక్కకు వచ్చేసరికి 'కి' ఒక గడి, 'కు' రెండు గళ్లు అయ్యాయి. ఈ లెక్కన మెదక్ 3 గళ్లు, చేగుంట 5, తూప్రాన్ 5, రామాయంపేట 6. కొన్ని కొత్త టెర్మినళ్లు, లైబ్రరీలు కొమ్మును, సున్నను కూడా ముందరి అక్షరంతో కలిపి అదనపు గడి ఇవ్వవు. వాటి లెక్కన చేగుంట 3 గళ్లే. సర్వరు 5 అనుకుని, తెర 3 అనుకుంటే ఆ లైనులో తర్వాతిదంతా రెండు గళ్లు జరుగుతుంది.

స్త్రీ అనే మాట ఇంకా మంచి ఉదాహరణ. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం: ఆరు సంకేతాలు, 18 బైట్లు, పాత లెక్కన మూడు గళ్లు. చదివేవాళ్లకు మాత్రం ఒక్క అక్షరం. యూనికోడ్ కూడా 2023లో వచ్చిన 15.1 కూర్పుదాకా దీన్ని మూడు ముక్కలుగానే విడగొట్టేది. ఆ కూర్పులో నియమం మార్చి తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ సంయుక్తాక్షరాలను విడదీయరాని ఒక్క ముక్కగా గుర్తించారు. ముప్పయ్యేళ్ల తర్వాత వచ్చిన న్యాయం అది. అయితే 2022 నాటి సర్వరుకు పాత నియమం, నిన్న అప్‌డేట్ అయిన లాప్‌టాప్‌కు కొత్త నియమం ఉంటాయి. కొంతకాలం ఈ తేడా తప్పదు.

సంయుక్తాక్షరాలను కూర్చడం ఎంత సున్నితమైన పనో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. జ్ఞా అనే అక్షరం ఒక ప్రత్యేకమైన సంకేతాల వరసలో సందేశంగా వస్తే ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలాయి, తెరిస్తే మళ్లీ కూలాయి. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. అప్పట్లో చాలామంది దాన్ని 'తెలుగు అక్షరం చేసిన చేటు' అని రాశారు. అక్షరం చేసిన చేటేమీ లేదు. తెలుగు రాతను పూర్తిగా పరీక్షించకుండా విడుదల చేసిన, అక్షరాలను కూర్చి చూపే ప్రోగ్రాము తప్పది.

అందుకే, సర్వరులో ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టొద్దు అనే సలహాను నేను ఒప్పుకోను. టెర్మినల్ రాయలేకపోతే భాష తప్పుకోవాలనడం సరికాదు, టెర్మినల్ నేర్చుకోవాలి. నేర్చుకుంటున్నాయి కూడా. కేడీఈ వారి కాన్సోల్, ఎంఎల్‌టర్మ్ వంటివి ఒత్తులను కలిపి చూపడానికి ప్రయత్నిస్తాయి. సంక్లిష్ట లిపులకు టెర్మినల్‌లో సరైన గళ్ల లెక్క ఉండాలన్న ప్రతిపాదన 2023లో యూనికోడ్ సాంకేతిక కమిటీ ముందుకు వెళ్లింది. తెలుగు చదవగలిగి, సర్వరు నడపగలిగినవాళ్లు ఈ పనికి చాలా అవసరం. ఒత్తు తప్పిందో లేదో చెప్పగలిగేది వాళ్లే.

చెప్పాలంటే ముందు కొలవాలి. జిల్లాలోని ఊళ్ల పేర్లను ఒక ఫైలులో వరసకొకటి పెట్టి, ఒక్కో పేరు తర్వాత 20 గళ్ల వెడల్పు వచ్చేలా ఖాళీలు నింపి నిలువుగీత గీయించండి. బ్యాష్‌లోని ప్రింట్‌ఎఫ్ బైట్లను లెక్కిస్తుంది. మెదక్‌కు 5 ఖాళీలే ఇస్తుంది, 27 బైట్ల రామాయంపేటకు ఒక్కటీ ఇవ్వదు. 'గాక్' అనే ప్రోగ్రాములోని ప్రింట్‌ఎఫ్ యూటీఎఫ్-8 లొకేల్‌లో సంకేతాలను లెక్కిస్తుంది. మెదక్‌కు 15 ఇస్తుంది, అదీ రెండు తక్కువే. 'కాలమ్' అనే కమాండ్ గళ్లను లెక్కిస్తుంది. కాలమ్‌తో గీయించిన గీతలు కూడా చేగుంట దగ్గర, తూప్రాన్ దగ్గర వంకరపోతే సర్వరుకూ టెర్మినల్‌కూ కొమ్ము దగ్గర, సున్న దగ్గర మాట కుదరలేదు. మెదక్, రామాయంపేట వరసల మధ్యనే తేడా ఉంటే సున్నను అనుమానించాలి. ఆ తెర ఫొటో, రెండు యంత్రాల్లోని సాఫ్ట్‌వేర్ కూర్పుల అంకెలు, పేర్ల ఫైలు మూడూ కలిపి టెర్మినల్ రాసేవాళ్లకు పంపితే, వాళ్లు తెలుగు చదవలేకపోయినా ఏ గడిలో తప్పుందో కనిపెట్టగలరు.